గాజుపెట్టెలో ఆవిరి

కనకలక్ష్మికి ఆ గాజుపెట్టె మొదటి రోజు నుంచీ గిట్టలేదు. ఇంట్లో మొక్కంటే తులసి ఉంటుంది, కరివేపాకు ఉంటుంది, మరీ ముచ్చటపడితే మనీప్లాంటు ఉంటుంది. ఆవిడ కొడుకు రవికిరణ్ మాత్రం పుప్పాలగూడ అపార్ట్‌మెంటులో, హాల్లో, సోఫాకి ఎదురుగా, పురుగుల్ని తినే మొక్కలు పెంచుతున్నాడు. ఒకదాని ఆకుల చివర తిత్తులు వేలాడతాయి. వాసనకు వచ్చిన చీమ అంచు మీద కాలు జారి లోపలి నీళ్లలో పడుతుంది, మరి పైకి రాదు. ఇంకోదాని ఆకుల నిండా జిగురు చుక్కలు. దోమ వాలిందా, ఆకు మెల్లమెల్లగా ముడుచుకుంటుంది, తొందరేమీ పడదు. ఆవిడ ఒకసారి ఆ తంతు మొదటినుంచి చివరిదాకా చూసింది. ఆ పూట అన్నం సయించలేదు.

పెట్టె పైభాగంలో సన్నటి గొట్టాలు, పక్కన నీళ్ల డబ్బా, దానికో చిన్న మోటారు. గంటకోసారి దానంతట అదే ఉస్సుమంటూ మంచులాంటి తుంపర చిమ్ముతుంది. మధ్యలో కావాలంటే రవికిరణ్ ఆఫీసులో కూర్చుని ఫోన్లో నొక్కినా చిమ్ముతుంది.

"కుళాయి నీళ్లు మాత్రం పొయ్యకమ్మా, చచ్చిపోతాయి. వీటికి బ్యాటరీలో పోసే నీళ్లే పొయ్యాలి," అని ఒకటికి పదిసార్లు చెప్పాడు.

"మనుషులు తాగే నీళ్లు వాటికి పనికిరావట. ఏం మొక్కలురా ఇవి," అంది ఆవిడ.

సరే, ఆవిడ తణుకు నుంచి వచ్చింది మొక్కల కోసం కాదు కదా. కోడలు నీహారిక సెలవు అయిపోయి ఆఫీసులో చేరింది. తొమ్మిది నెలల రసజ్ఞను చూసుకునే మనిషి కావాలి. మనవరాలి ఒళ్లు, మనవరాలి పాలవాసన, ఆ బుడిబుడి చేతులతో చీర కొంగు పట్టుకుని లాగడం, ఇవి చాలు కనకలక్ష్మికి. ఆ పిల్ల కోసం ఆవిడ ఏమైనా చేస్తుంది. వచ్చిన చిక్కంతా అక్కడే.

పిల్లకి జలుబు చేసింది. ముక్కు దిబ్బడ వేసి పాలు తాగలేక, గుక్క తిప్పుకోలేక ఏడుస్తోంది. నీహారిక బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో ఆగింది.

"అత్తయ్యగారూ, డాక్టరు ముక్కులో చుక్కలు తప్ప ఇంకేమీ వద్దన్నారండి. ఛాతీకి కర్పూరం నూనె గట్రా రాయకండి, ప్లీజ్."

"రాయనులే అమ్మా, నువ్వు వెళ్లిరా," అంది కనకలక్ష్మి. ముగ్గురు పిల్లల్ని కర్పూరం నూనెతోనే పెంచిన మనిషి. ఆ మాట పైకి అనలేదు గానీ లోపల గింజుకుంది.

మధ్యాహ్నానికి పిల్ల ఏడుపు ఎక్కువైంది. చుక్కలు వేసినా లాభం లేదు. భుజాన వేసుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతుంటే గాజుపెట్టె ఉస్సుమంది. తెల్లటి తుంపర అద్దాల మీద పాకింది. కనకలక్ష్మి ఆగి చూసింది. ఆవిరి. పడిశం పట్టినవాళ్లకి దుప్పటి కప్పి పట్టే ఆవిరే కదా ఇది, కాకపోతే చల్లది. కోడలు ఒంటికి రాయొద్దంది. గాలిలో ఉంటే రాసినట్టెలా అవుతుంది?

దేవుడి గూట్లోంచి గుప్పెడు కర్పూరం బిళ్లలు తీసి నలిపింది. నీలగిరి తైలంలో కరిగించి, వేడినీళ్లలో గిలక్కొట్టి, చల్లారాక డబ్బాలో పోసింది. మొక్కలు చస్తే చస్తాయి, పీడా పోతుంది, కొడుకుతో ఏదో ఒకటి చెప్పొచ్చు. ఆవిడకు తోచిన ప్రమాదమల్లా మొక్కలకే. కిటికీలు మూసి, గాజుపెట్టె తలుపులు బార్లా తెరిచి, పిల్లను ఒళ్లో వేసుకుని దాని ముందు కూర్చుంది. అప్పుడు రవికిరణ్‌కి ఫోన్ చేసింది.

"ఒరే రవీ, నీ మంచు మిషను ఒకసారి నొక్కరా. పాప చూసి ఆడుకుంటోంది."

రవికిరణ్ ఎంత సంబరపడ్డాడో! అమ్మ ఇన్నాళ్లకు తన మొక్కలవైపు చూసింది. మీటింగులో ఉండి కూడా, బల్ల కింద ఫోన్ పెట్టుకుని నొక్కాడు.

తుంపర బయటికి వచ్చింది. గది నిండా గుడి వాసన. పిల్ల ఒక్కసారి తుమ్మి, ఊపిరి పీల్చి, ఏడుపు ఆపింది. కనకలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి. చుక్కలట, డాక్టర్లట! ఇంకోసారి నొక్కమంది, నొక్కాడు. మళ్లీ అడిగింది. పిల్ల కాళ్లు ఆడించడం మానేసింది, మంచిదే, నిద్రొస్తోంది. కళ్లు సగం మూసుకుంది. పాల సీసా పెడితే నోరు తెరవలేదు, ఆకలి లేదేమో. పెదవి ఒక పక్కకు లాగింది, వదిలింది, మళ్లీ లాగింది.

"ఇంకా కావాలా అమ్మా?" అన్నాడు రవికిరణ్ ఫోన్లో, గొంతు తగ్గించి.

"నవ్వుతోందిరా, చూస్తే మురిసిపోతావు. ఇంకోసారి వదులు."

ఈసారి తుంపర చాలాసేపు వచ్చింది. అది ఆగేలోపు పిల్ల చెయ్యి బిగుసుకుంది. తర్వాత కాలు. తర్వాత నల్లగుడ్లు పైకి వెళ్లిపోయి కళ్లు తెల్లగా కనిపించాయి.

చెప్పుల్లేకుండా మెట్లు దిగిన ఆవిడను వాచ్‌మన్ నర్సింహ గేటు దగ్గర చూశాడు. "ఏమైందమ్మా? ఫికర్ చెయ్యకుండ్రి, ఆటో ఆపుతున్న. పాపను గిట్ల పక్కకు తిప్పి పట్టుకోండ్రి," అంటూ రోడ్డుకు అడ్డంగా పరిగెత్తాడు. ఆటోలో కనకలక్ష్మికి తెలిసిన దేవుళ్ల పేర్లలో ఒక్కటీ గుర్తు రాలేదు.

ఆసుపత్రికి రవికిరణ్, నీహారిక ఒకరి వెనక ఒకరు వచ్చారు. డాక్టరమ్మ లోపలి గదిలోంచి వచ్చి అడిగింది.

"జ్వరం లేదు, ఫిట్స్ ఆగడం లేదు. పాప ఏమైనా మింగిందా? ఏమైనా పీల్చిందా?"

"లేదండీ. మొక్కలకి తుంపర కొట్టే మిషను ఒకటుంది, అందులో ఒట్టి నీళ్లే. వాటికంటే శుభ్రమైన నీళ్లు ఉండవు," అన్నాడు రవికిరణ్.

డాక్టరమ్మ తల ఊపి, స్కానింగ్ అంటూ నర్సుకేదో చెప్పబోయింది. కనకలక్ష్మి గోడకు ఆనుకుని నిలబడింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. రేపు మళ్లీ ఆ పిల్లను తన చేతుల్లోనే పెట్టి వెళతారు. ఊరుకుంటే, ఆ రేపు వస్తుందా?

"కర్పూరం వేశాను," అంది. "నీలగిరి తైలం కూడా. డబ్బాలో."

ఎంత వేశారు, ఎంతసేపు పీల్చింది అని డాక్టరమ్మ గబగబా అడిగింది. తిట్టలేదు. "పసివాళ్లకి కర్పూరం పడదు, పీలిస్తే ఫిట్స్ వస్తాయి. ముందు అవి ఆగాలి. ఆగితే అప్పుడు చెప్తాను," అని లోపలికి పరిగెత్తింది. నీహారిక అత్తగారి ముఖం వైపు చూడకుండా ఆమె వెనకే తలుపు దాకా వెళ్లి, అక్కడే నిలబడిపోయింది.

రవికిరణ్ ఫోన్ చేతిలో పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. కనకలక్ష్మి దగ్గరికి వెళ్లింది గానీ పక్కన కూర్చునే ధైర్యం చాలలేదు.

"నేనే నొక్కమన్నానురా. నీకేం తెలుసు," అంది.

వాడు తలెత్తకుండానే అడిగాడు.

"చివర్న నవ్వుతోందన్నావే అమ్మా. అది నవ్వేనా?"

లోపలి నుంచి ఏ శబ్దమూ రావడం లేదు.

"నవ్వే అనుకున్నాను నాన్నా," అంది కనకలక్ష్మి.