రెండు మూరల పురుగు

నా పీహెచ్‌డీ మొత్తం ఒక పురుగు తల మీద, తోక మీద ఆధారపడి ఉంది. రెండూ ఒకే పురుగువి కావాలి, అప్పుడే అది ఏ జాతిదో చెప్పగలం. ఒడ్డుకు కొట్టుకొచ్చి చనిపోయిన ఒక తల్లి డాల్ఫిన్ పాలగ్రంథిలో ఈ పురుగులు ఉండలు చుట్టుకుని దొరికాయి. మూడు ఉండలు నా చేతిలోనే తునాతునకలయ్యాయి. నాలుగోది, ఆఖరిది, మా గైడ్ సార్‌ని బతిమాలి స్పిరిట్ సీసాలో సిరిసిల్లకు తెచ్చాను.

ఎందుకంటే మా అవ్వ, అంటే అమ్మ, సత్తమ్మ ముప్పై ఏళ్లుగా సాంచాలకు నూలు కండెలు చుడుతోంది. మరమగ్గాలను మా ఊళ్లో సాంచాలంటారు. వాడకట్టులో ఎవరి నూలు చిక్కుపడ్డా ఆమె దగ్గరికే వస్తుంది.

అసహ్యించుకుంటుందనుకున్నాను. అవ్వ మాత్రం ఉండను వేసిన నీళ్ల పళ్లెంలోకి వంగి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"గింత పొడుగుది సముద్రంల చాప లోపలికి ఎట్ల పోయింది?"

"చాప కాదవ్వా, పిల్లకు పాలిచ్చే జీవి. ఎట్ల పోతదో ఎవ్వలకు సక్కగ తెల్వది. గందుకే సదువుతున్న."

"పాలుండే కాడ గిది ఉంటే పిల్ల ఏం తాగినట్టు మరి?"

మూడేళ్లలో నాకీ ప్రశ్న తట్టనందుకు సిగ్గేసింది. కాస్త ఒళ్లు కూడా మండింది.

నేనిచ్చిన గ్లౌజులు పక్కన పెట్టేసింది. "గివేసుకుంటే ఏళ్లకేం తెలుస్తది? నువ్వు గుంజినవు గావచ్చు. గుంజితే బిగుస్తది" అంటూ ఉండను నీళ్లలోనే ఉంచి నడుమ నుంచి వదులు చేయసాగింది. గంటసేపు పక్కనే కూర్చుని చూశాను. ఎంతవరకు వచ్చిందని సార్ ఫోన్ చేస్తే వాకిట్లోకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి తడిగుడ్డ మీద పురుగు బారుగా పరిచి ఉంది. రెండు మూరలుంటుంది. తల ఉంది, తోక ఉంది. సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. భూతద్దం పెట్టి చూసుకుంటూ పోతే నడుమ ఒకచోట తెల్ల నూలుపోగు కనిపించింది.

"తెంపినవా?"

"తెగింది. అతికిన" అంది అవ్వ మామూలుగా. పోగు తెగితే ముడెయ్యకుండా ఆమె చేతులు ఊరుకోవు.

"ఉండల ఎన్ని పురుగులున్నయో. గీ తోక గీ తలదేనని ఎవలు నమ్ముతరు?" నా గొంతు లేచింది.

అవ్వ మొహం చిన్నబోయింది. "నా రెండు చేతుల నడుమ తెగింది బిడ్డా. ఒక్క కొస గూడ కింద పెట్టలే, గట్లనే కట్టిన."

మళ్లీ భూతద్దం పెట్టాను. పోగు కట్టిన చోట ఒక కొసన చిరిగి వేలాడుతున్న పొర, రెండో కొసన సరిగ్గా అంతే ఖాళీ. నేను తెంపిన ముక్కలన్నీ గుర్తుకొచ్చాయి. వాటన్నిటినీ ఒకే సీసాలో పడేశాను. ఏది దేనిదో ఇక ఎవరూ చెప్పలేరు.

ఫొటో పంపగానే సార్ ఫోన్ చేశారు. "ఆ పోగు విప్పకు. అంచులు కలిశాయి, ఇది చాలు. పోయిన మూడుసార్లూ ఈ తెలివి ఏమైందమ్మా?"

"నాది కాదు సార్. మా అమ్మకిస్తున్నా."

అవ్వ తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ అందుకుంది. అవతల ఆయన నోరు తెరవకముందే "తప్పయింది సారూ" అంది.