రూతు మోకాళ్లు

పొద్దున ఆరింటికల్లా రూతు వడమాలపేట బస్సు దిగి పశువైద్య కళాశాల పాడిశాలకు వచ్చేది. పేడ ఎత్తేది, తొట్లు కడిగేది. ఏ ఆవుకు ఎక్కడ నొప్పి పుడితే రూతుకూ అక్కడే పుట్టేది. అందుకే విద్యార్థులు వస్తూనే ఆమె చుట్టూ చేరేవాళ్లు.

"రూతక్కా, ఈపొద్దు యాడ?"

"ఎడం మడమ. ఏడో నంబరు ఆవుది సూడండి."

చూస్తే గిట్టలో రాయి ఉండేది. నోట్సులో రాసుకునేవాళ్లు.

పాఠాలు చెప్పే డాక్టర్ మోహనకు ఇది చూస్తే కడుపు మండేది. ఆవు నడకను బట్టి దాని బాధను కొలిచే పట్టిక ఒకటి, పదకొండేళ్లు కష్టపడి తయారుచేసింది ఆమె. పిల్లలు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని రూతు ముఖం చూసేవాళ్లు.

ఆ ఏడాది పన్నెండు పుంగనూరు ఆవులను ఉత్త సిమెంటు నేల మీద ఉంచి పరిశోధన చేసింది మోహన. పట్టిక ప్రకారం వాటికి ఏ ఇబ్బందీ లేదు. ఆ మాటే తిరుపతి సదస్సులో చదవాలి. ప్రమోషనంతా దాని మీదే ఉంది. సదస్సుకు వారం ముందు రూతు గోడ పట్టుకుని వచ్చింది.

"రెండు మోకాళ్లూ పీకతా ఉండాయి మేడం. ఆ పన్నెండిటి నొప్పే ఇది. కింద మెత్తగా ఏమన్నా పరిపించండి."

"నీకు వయసైంది, అంతే," అంది మోహన. ఆ రోజే రూతును ఊరవతల దాణా గోదాముకు మార్పించింది.

రూతు పార గోడకు ఆనించి పోయింది. అక్కడ నాలుగు రోజులకే మోకాళ్లు నెమ్మదించాయి. ఇక్కడ పిల్లలు పట్టిక విప్పారు. మోహనకు మనసు నిండింది.

సదస్సు రోజు వేదిక మెట్లెక్కుతుంటే మోహన మోకాళ్లు రెండూ కలుక్కుమన్నాయి. బల్ల పట్టుకుని నిలబడింది. అది ఎవరి నొప్పో ఆమెకు వెంటనే తెలిసింది. కాగితాలు పక్కన పెట్టేసింది.

"నా ఫలితం తప్పు. ఆ నేల మీద ఆవులు బాధపడుతున్నాయి. నా పట్టికకు అది అందలేదు."

ప్రమోషన్ తోటి డాక్టర్ జయరావుకు పోయింది. నెలలో కొట్టంలో రబ్బరు మ్యాట్లు పరిచారు. మోహన తనే వెళ్లి రూతును వెనక్కి పిలుచుకొచ్చింది.

రూతు ఒళ్లు ఇప్పుడు తేలిగ్గా ఉంది. ఏ ఆవు నొప్పీ ఆమెను తాకడం లేదు. ఒకరోజు మోహన కుడి భుజం పట్టుకోగానే పిల్లలంతా రూతును దాటుకుని మేడం చుట్టూ మూగారు. రూతు చేతిలో పార ఆగింది, కళ్లు ఆ గుంపు మీదే నిలిచాయి. ఆ చూపు ఎలాంటిదో మోహనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"రూతూ, ఏ ఆవుదో నాకు తెలియడం లేదు. కొంచెం వచ్చి చూడు."

"మీకే తెలిసిపోతాది లెండి మేడం," అని రూతు పేడ తట్ట ఎత్తుకుని, నిటారుగా నడిచి వెళ్లిపోయింది.