మెట్టె నీడ

భద్రమ్మ కాలి రెండో వేలి ఎముక చేపల వలలా చిల్లులు పడి ఉంది.

తెర మీది బొమ్మ చూసి యాకయ్య చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. మహబూబాబాద్‌లోని ఆ ఎక్స్‌రే గదిలో ఇరవై ఆరేళ్లుగా ఎముకలు చూస్తున్నాడు. నడుం వంగింది, కళ్లద్దాలు మందమయ్యాయి. పొద్దుటి నుంచి ఈమె పదకొండో మనిషి.

"బొక్క ఇరిగిందా అన్నా?"

భద్రమ్మ కురవి దగ్గర నాట్లు వేసే కూలీ. వేలు వంకాయలా ఉబ్బితే నిన్న కంసాలితో మెట్టె కోయించుకుంది. కొంగుముడి విప్పి ఆ వెండి ముక్కను ట్రేలో పెట్టింది.

"మెట్టె కోస్తాంటె మా ఆయన మొకం సూడాలె! నీకేం గాదు, పోయి బువ్వ తిను అని జెప్పిన."

యాకయ్య వెళ్లి డాక్టర్‌ను పిలుచుకొచ్చాడు.

డాక్టర్ యుగేందర్ నిలబడే తేల్చేశాడు. "నిరుడు ఈడ తీసిన ఎక్స్‌రేల ఎముక బాగుందని రిపోర్టు ఉంది. ఏడాదిలనే ఇంత తిన్నదంటే కేన్సరే. వేలు తీసెయ్యాలె. వరంగల్‌కు రాస్తున్న."

"వేలు తీస్తె బురదల కాలెట్ల ఆనుతది సారూ? నాటెట్ల ఎయ్యాలె?"

డాక్టర్ పెన్ను ఆగలేదు.

కొలువులో చేరిన ఏడాది యాకయ్య ఎక్స్‌రే కోసం ఒక కొత్త కోడలిని మెట్టెలు తీయమన్నాడు. ఆ వారమే ఆమె మొగుడు ట్రాక్టర్ కింద పడి చనిపోయాడు. అత్త వచ్చి ఈ గుమ్మంలోనే నిలబడి శాపనార్థాలు పెట్టింది. ఆ తరువాత ఏ ముత్తైదువనూ అతను ఆ మాట అడగలేదు.

ఇప్పుడు యాకయ్య భద్రమ్మ సంచిలోంచి నిరుటి ఫిల్ము తీసి లైటు పెట్టె మీద ఆనించాడు. మెట్టె నీడ ఎముకకు అడ్డంగా, తెల్లగా పడి ఉంది. దాని అంచున నువ్వుగింజంత సగం చిల్లు; మిగతా సగం ఆ నీడ కింద దాగింది.

యుగేందర్ వంగి చూశాడు. "ఇది నిరుడే ఉందా? అంటే నెమ్మదిగ పాకే జబ్బు. సార్కాయిడోసిస్ అనే వాపు జబ్బు కావచ్చు, అదైతే గోలీలకు లొంగుతది. ముందు ఎముక ముక్క తీసి పరీక్షకు పంపుదం. అందాక వేలు తీసే మాట వద్దు." రాసిన కాగితం చింపేశాడు. "మెట్టె తియ్యకుండ ఫిల్ము తీసిందెవడు? వాడింక ఈ గదిల ఉండొద్దు."

యాకయ్య ఛాతీకున్న రేడియేషన్ బ్యాడ్జి విప్పి బల్ల మీద పెట్టాడు.

"నేనే సార్. తియ్యమని అడగనీకె నోరు రాలే. ఈ అక్కనే గాదు, ఇన్నేండ్ల సంది ఎవ్వర్నీ అడగలే. ఎంతమంది రోగం గిట్ల దాగిందో నాకు తెల్వది. పోతున్న. అక్కా, నీ మెట్టె ట్రేల ఉంది, మర్సిపోకు."