ఆఫీసరమ్మ గొంతు

మంచినీళ్ల గ్లాసుని బల్ల మీద అటు జరపడానికి అంతసేపు ఎందుకో, ఈ ఆఫీసరమ్మకి వేరే పనీపాటా లేనట్టుంది అనుకుంది ఆమె, అనుకుంటూనే మైకు వైపు ఒంగింది, తెర మీద ఆఫీసరమ్మ పెదవులు విడివడే క్షణం కోసం చూస్తూ, అవి ఇంకా విడివడనే లేదు, అంతలోనే తన గొంతులోంచి చెప్పు అన్న మాట జారిపోయింది, మేడమ్ మళ్లీ ముందే పడిందండీ అన్నాడు అద్దం వెనక నుంచి సౌండ్ ఇంజనీరు, స్టూడియోలో అందరూ నిదానంగారని పిలిచే మనిషి, తిట్టినట్టు కాదు, వాన పడుతోందండీ అని చెప్పినట్టు చెప్పాడు, పొద్దుట్నుంచీ ఇదే వరస, ఈ పరభాషా క్రైమ్ సీరియల్‌లో ఆఫీసరమ్మకి మొదట్నుంచీ తెలుగు గొంతు తనదే, ఆ పెదవుల కదలిక తన సొంత పెదవుల కన్నా బాగా తెలుసు, పెదవి కదలకముందే మాట పడేయడం కొత్తగా చేరినవాళ్లు చేసే తప్పు, సారీ అండీ ఇంకోసారి అంది, గ్లాసు వెనక్కి వెళ్లింది, మళ్లీ జరగడం మొదలెట్టింది, ఎదురుగా కూర్చున్న అనుమానితుడు దాన్ని చూస్తూ నీళ్లు నములుతున్నాడు, అచ్చం తమ్ముడిలా.

తమ్ముడు సాయంత్రం బస్సుకి వెళ్లిపోతాడు, మొన్న చెప్పాపెట్టకుండా బ్యాగుతో దిగాడు, దిగినప్పట్నుంచీ అక్కా నీతో ఒక విషయం మాట్లాడాలి అంటాడు, ఆ విషయం మాత్రం నోట్లోంచి ఊడిపడదు, పొద్దున కూడా అదే పాట, తను వంటగట్టు దగ్గర గిన్నెలు తోముతూ వెనక్కి తిరగకుండానే ఉద్యోగం మానేశావా అంది, మరదలితో గొడవపడ్డావా అంది, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేంట్రా, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా అంటూ కుళాయి కట్టేసి వెనక్కి తిరిగేసరికి వాడు టీ కప్పులోకి చూస్తున్నాడు, వినిపించుకోనట్టే ఉన్నాడు, ఆమెకి ఒళ్లు మండింది, ఎందుకంటే ఎవరేం దాచినా ఇట్టే పట్టేస్తానని ఆమెకి నమ్మకం, కూరగాయల కొట్టతను కూడా, ఆఫీసరమ్మగారూ, మీ గొంతు వింటే దొంగలు వాళ్లంతట వాళ్లే జైలుకి నడిచొచ్చేస్తారండీ అంటాడు, తన లెక్కలో మరదలు కేసు ఎప్పుడో తేలిపోయింది, తప్పంతా మరదలిదే, ఫోన్ చేస్తే తమ్ముడు ఎత్తడు, మెసేజ్ మాత్రం పెడతాడు, పెళ్లి కాకముందు ఇలా ఉండేవాడు కాదు, నిన్న తన సీరియలే పెట్టుకుని గోడలు అదిరేలా సౌండ్ పెంచాడు, తను తగ్గించింది, వాడు మళ్లీ పెంచాడు, రేకులు కొట్టే ఫ్యాక్టరీలో పనిచేసీ చేసీ వాడికి అన్నీ గట్టిగా ఉండాలి, ఇంట్లో కూడా ఫ్యాక్టరీ నడపాలట్రా అని తను రిమోట్ లాక్కుంది, వాడు తన మొహంలోకే చూసి, ఏదో జోకు వేసినట్టు నవ్వాడు, అదేం నవ్వో.

ఇప్పుడు కెమెరా ఆఫీసరమ్మ వెనక్కి వెళ్లింది, జడ కనపడుతోంది, మొహం లేదు, డబ్బింగ్ వాళ్లకి ఇదే పండగ, మొహం లేని చోట ఎన్ని మాటలైనా కుక్కొచ్చు, డబ్బింగ్ డైరెక్టర్ కుక్కాడు కూడా, నువ్వేం దాస్తున్నావో నాకు తెలుసు, అంతా తెలుసు, నీ నోటితో వినాలనుంది అంతే, అని కాగితం మీద బారెడు డైలాగు, ఒరిజినల్‌లో ఆవిడ ఏమీ అనదుగా సార్ అంది ఆమె, అనకపోతే మనం అనిపిద్దాం మేడమ్, అంతసేపు ఖాళీ వదిలితే జనం టీవీ పాడైందనుకుని నెత్తి మీద రెండు పీకుతారు అన్నాడు ఆయన, నిదానంగారు ఫక్కున నవ్వాడు, ఆమె హెడ్‌ఫోన్ సర్దుకుని ఒరిజినల్ ఒకసారి వినిపించమంది, గది హోరు, ఎక్కడో కుర్చీ కిర్రుమంది, ఆఫీసరమ్మ ఊపిరి, అంతే, మాట లేదు, చాలాసేపు లేదు, ఎదుటివాడు గ్లాసు చూశాడు, తలుపు చూశాడు, చివరికి ఆవిడ మొహం చూశాడు, అప్పుడు వాడంతట వాడే, ఎవరూ అడక్కుండానే, మొదలుపెట్టాడు, ఇన్నేళ్లుగా ఈ సీన్లు వందలు చేసింది తను, ప్రతిసారీ నిజం ఇక్కడే బయటపడుతుంది, ఆఫీసరమ్మ మాట్లాడినప్పుడు కాదు, ఊరుకున్నప్పుడు, మరి ఆ ఊరుకోవడానికి తను ఎన్నడూ డబ్బింగ్ చెప్పలేదు, దానికి గొంతుతో పని లేదు, కాబట్టి తనకి మాటలే అంటుకున్నాయి, మౌనాలన్నీ ఎక్కడో ఉన్న ఆ నటి దగ్గరే ఉండిపోయాయి, కొట్టతను మెచ్చుకున్నదీ, తను గర్వపడ్డదీ ఆ సగాన్ని చూసే, సార్ ఈ ఒక్కచోట ఖాళీ వదిలేద్దాం అంది, ఏంటి మేడమ్, నాలుక నొప్పా అన్నాడు డైరెక్టర్, కాదండీ, మాట పడితే వాడు చెప్పడు, వాడు చెప్పకపోతే కథ లేదు, అంది, ఆయన కాసేపు తెరవైపు చూసి, నెత్తి మీద పీకించుకునేది మీరే అయితే నాకేం, అన్నాడు.

బయట విజిటర్ల బెంచీ మీద తమ్ముడు, ఇంటి తాళాలు ఇచ్చి పోదామని వచ్చాడు, పక్కన బ్యాగు, మోకాళ్ల మధ్య చేతులు, ఆమెని చూసి లేచాడు, ఆమె నోట్లోకి అప్పుడే మూడు ప్రశ్నలు వచ్చి నిలబడ్డాయి, అన్నం తిన్నావా, మరదలేమంది, అసలు ఎందుకొచ్చావ్, వాటిని అక్కడే నిలబెట్టింది, తాళాలు తీసుకుంది, వాడు మళ్లీ కూర్చున్నాక నీళ్ల క్యాన్ దగ్గర గ్లాసు నింపి బెంచీ మీద వాడి వైపు జరిపింది, ఎదురు కుర్చీలో కూర్చుంది, ఊరుకుంది, ఊరుకోవడం ఇంత కష్టమైన పని అనుకోలేదు, గొంతులో దురద, ఎవరో అటుగా ఫోన్‌లో మాట్లాడుకుంటూ వెళ్లారు, వాడు గ్లాసు చూశాడు, తలుపు చూశాడు, ఇక లేస్తాడు, లేచి బస్సెక్కేస్తాడు, ఇంకెప్పుడో పండక్కీ పబ్బానికీ ఒక మెసేజ్ వస్తుంది అనుకుంది, అయినా ఊరుకుంది, వాడు తన మొహంలోకి చూశాడు, కళ్లలోకి కాదు, కాస్త కిందకి.

అక్కా, నాకు చెవులు పోతున్నాయే, అన్నాడు, కుడివైపు పూర్తిగా పోయింది, ఎడమది పోతా ఉంది, మిషన్ దగ్గర సైరన్ వినపళ్లేదని నన్ను పక్కన కూర్చోబెట్టేశారు, మీ మరదలే నీకు చెప్పి రమ్మని తోలింది, వినికిడి ఉన్నప్పుడే నీ గొంతు కాస్త వినిపోదామని సీరియల్ పెట్టుకుంటే సగమే అందుతోంది, పెదాలు చూసి పోల్చుకుందామా అంటే అక్కడ ఆవిడ పెదాలొకటి, నీ మాటొకటి, అని నవ్వాడు, నిన్నటి నవ్వే, ఆమె దాన్ని ఇప్పుడు గుర్తుపట్టింది, వినపడనిచోట మనిషి నవ్వే నవ్వు అది, బతుకంతా పరాయి పెదవులు చూస్తూ కూడు తిన్నది తను, రెండు రోజులుగా తన పెదవుల కోసం ఒకడు చూస్తుంటే కుళాయి వైపు తిరిగి, రిమోట్ వైపు తిరిగి, మొహం లేని చోట మాటలు కుక్కుతూనే ఉంది, వాటిలో ఒక్కటీ వాడికి చేరలేదు, తిట్లు కూడా చేరలేదు, అది కాస్త నయం, ఆమె లేచి బెంచీకి ఇటువైపు, ట్యూబ్‌లైట్ తన మొహం మీద పడేచోటికి వచ్చి కూర్చుంది, వాడి కళ్లు తన పెదవుల మీదకి వచ్చేదాకా ఆగింది, వచ్చాక, వాటిని మెల్లగా కదిపింది.