బొబ్బర తీగ మీది నలుపు

గాజువాకలో ఆకు మీద నలుపు కనిపిస్తే ఎవరైనా ఫ్యాక్టరీల పొడి మోసుకొచ్చే గాలినే తిడతారు. భ్రమరాంబ కూడా అలాగే తిట్టింది. పొద్దున్నే డాబా ఎక్కి, బొబ్బర ఆకుల్ని తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడిచి, "ఈ పొడి మొక్కల్ని కూడా బతకనిచ్చేటట్టు లేదు" అని గొణుక్కుంటూ దిగేది. మర్నాటికి మళ్ళీ నలుపే.

ఆ తీగ ఆమె అక్క గంగాలమ్మది. పోయే ముందు ఏడాది అక్క కొంగున ముడివేసి తెచ్చిన గింజల్లో మొలిచింది ఇదొక్కటే, మిగిలినవి పుచ్చిపోయాయి. దీని కాయలు ఎండి గింజ కట్టకపోతే అక్క విత్తనం ఇక లేనట్టే. అందుకే చేపల థర్మోకోల్ పెట్టెలో మట్టి నింపి, పసిబిడ్డను సాకినట్టు సాకుతోంది. వాన పడినా భయమే, పడకపోయినా భయమే.

ఒకరోజు తుడుస్తుంటే వేలు అంటుకుంది. పొడి అంటుకోదు కదా! ఆకు తిప్పి చూసింది. అడుగునా, లేత కొసల నిండా, పూలగుత్తుల మీదా రసం పీల్చే నల్లటి పేను. వాటి చుట్టూ చీమల బారు. పేను విడిచిన జిగురుకి బూజు పట్టి ఆకు నల్లబడిందన్నమాట. తాను పైపైన తుడుస్తుంటే అవి అడుగున కాపురం పెట్టేశాయి.

కొడుకు సత్యం ఆటోనగర్‌లో మెకానిక్కు. సంగతి విని మర్నాటి సాయంత్రం ఒక కూల్‌డ్రింకు సీసా తెచ్చి డాబా గట్టు మీద పెట్టాడు. అడుగున తెల్లటి ద్రవం.

"ఇదేట్రా?"

"మందు. కొట్టోడు పెద్ద డబ్బాలోంచి పోసిచ్చాడు. బకెట్టు నీళ్ళకి ఒక మూతడు. తెల్లారేసరికి ఒక్క పేనుండదు."

చేతికొచ్చిన ప్రతి కాగితమూ చదవడం భ్రమరాంబకు అలవాటు. బడి మొహం చూడలేదు. కొడుకు పలక పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకుంది. సీసాను కళ్ళజోడు దగ్గరగా పెట్టుకుని తిప్పింది. నారింజపండు బొమ్మ, చల్లగా తాగమన్న మాట. అంతే.

"మందు పేరు లేదు. కొట్టాక ఎన్నాళ్ళు కాయ కొయ్యకూడదో లేదు. ఏటి సదవమంటావు?"

"మొక్కకి కొట్టే మందుకి పురాణం కావాలేటే అమ్మా?" అంటూ మూత తిప్పాడు.

ఘాటు వాసన గుప్పున కొట్టింది. గంగాలమ్మ మొగుడు పైడయ్య వంగతోటకి మందు కొట్టి వచ్చిన రోజు అతని చొక్కాలోంచి వచ్చిన వాసన అదే. ఎదురుగాలికి కొట్టాడు. తువ్వాలు మొహానికి కట్టుకోలేదు. ఆసుపత్రికని జీపు ఎక్కిస్తుంటే చెయ్యెత్తి, "వచ్చేత్తాను" అన్నాడు. ఆ చెయ్యే ఆఖరు. అప్పటినుంచి గంగాలమ్మ తన బొబ్బర్లకు మందు తగలనివ్వలేదు. భ్రమరాంబ సంగతంటారా, ఎవరు వస్తానని బయల్దేరినా సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలోంచి కదలదు.

"మూత బిగించు. ఆ గుంటని సూడు."

సత్యం తల తిప్పాడు. నాలుగేళ్ళ కూతురు ధనశ్రీ మెట్టు మీద కూర్చుని లేత బొబ్బరకాయ నములుతోంది. కళ్ళు మాత్రం నారింజపండు బొమ్మ మీదే ఉన్నాయి.

సత్యం గబగబా మూత బిగించాడు. "తీగ సచ్చిపోతే నా మీద ఏడవకు మరి" అన్నాడు.

"ఏడుత్తాను. ఏడిత్తే తీగ కోసమే కదా ఏడుత్తాను."

అతను సీసాను సంచిలో చుట్టి, తెచ్చిన కొట్టుకే తిరిగి పట్టుకెళ్ళాడు. ఆమె మలుపుదాకా చూసింది.

మర్నాడు కత్తెర పట్టుకుంది. పేను ఎక్కువ పట్టినవి పూత ఉన్న కొసలే. చెయ్యి ఆడలేదు. తన బతుకులో ఎవరినీ తాను పంపలేదు. వెళ్ళేవాళ్ళు వెళ్ళారు, తాను గుమ్మంలో నిలబడింది. ఇప్పుడు కత్తెర తన చేతిలో ఉంది. మొదటి కొస కత్తిరించి సబ్బునీళ్ళ బకెట్లో పడేసింది. తర్వాత రెండోది.

మిగిలిన ఆకుల అడుగున పైపుతో నీళ్ళు విసురుగా కొట్టింది. రెండు చుక్కల సబ్బు కలిపిన నీళ్ళు ముందు ఒక్క ఆకు మీదే చల్లి చూసింది. మర్నాటికి ఆకు మాడలేదు. అప్పుడు పొద్దువాలాక తీగంతా తడిపి, కాసేపాగి మంచినీళ్ళతో కడిగింది. పేను మళ్ళీ వచ్చింది. మళ్ళీ కడిగింది.

"ఎర్ర పురుగులు కూడా వచ్చాయే, నలిపెయ్యనా?" అన్నాడు సత్యం ఒక ఉదయం.

"సేతులు తియ్యి. అవి పేనుని తినే పురుగులు. మన పక్కం."

చివరికి తీగ సగమైంది గానీ నిలిచింది. రెండు కాయల్ని విత్తనానికని ఎర్రదారం కట్టి వదిలింది. ఒకరోజు చూస్తే ఒక దారం నేలమీద ఉంది. ధనశ్రీ నోరు కదుపుతోంది. భ్రమరాంబ కాయ లాగెయ్యడానికి చెయ్యి చాచి, సగంలో ఆగింది. మందు తగలని ఆ కాయలో భయపడాల్సింది ఏమీ లేదు.

"కడిగావేటే?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. మిగిలిన ముక్కను కడిగి మళ్ళీ పిల్ల చేతికే ఇచ్చింది.

ఇంకో కాయ ఎండింది. చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమన్నాయి. వాటిని ఒలిచి కొంగున ముడివేసుకుంటుంటే సత్యం భుజాన మరో చేపల పెట్టెతో మెట్లెక్కి వచ్చాడు.

"ఎక్కడ ఎట్టమంటావు?"

ఎండ తగిలే మూల చూపించింది. అతను దించి, గ్రీజు మరకల అరచెయ్యి చాపాడు.

"ముందు సేతులు కడుక్కో" అంది. అతను కడుక్కుని వచ్చేదాకా ఆగి, ముడి విప్పి, గింజలన్నీ ఆ తడి చేతిలో పోసింది.