బాంజోకి కొత్త తోలు

రంపం దాటి వచ్చిన ఓక్ పలకను ఆర్లిస్ టాకెట్ రెండు చేతులతో అందుకుని, తుంటికి ఆనించి, పక్కకు తిరిగి దొంతి మీద వేశాడు. మళ్ళీ తిరిగేసరికి ఇంకో పలక సిద్ధంగా ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ సామిల్లులో అతని పని ఇదే. రంపం నడిపేవాళ్ళు మారారు, యజమాని మారాడు, పలకలు అందుకునేవాణ్ణి మార్చాలని మాత్రం ఎవరికీ తోచలేదు. కనుబొమల నిండా రంపం పొట్టు, ఎడమ చేతికి సగమే మిగిలిన చిటికెన వేలు, ఛాతీలో ఎప్పుడూ వదలని పిల్లికూత. శనివారం సాయంత్రాలు బడి గదిలో డాన్సుకి బాంజో, డప్పు మొహానికి తీగలు బిగించినట్టుండే వాద్యం, వాయించేది అతనే. ఆ కాస్సేపే ఊరు అతని వంక చూసేది.

ఈ వారం మాత్రం రోజూ చూస్తోంది.

పక్కింటి వర్డీ పిల్లి మూడు వారాలుగా కనిపించడం లేదు. పసుప్పచ్చది, పేరు సూకీ. సరిగ్గా కిందటి వారమే ఆర్లిస్ తన బాంజోకి కొత్త తోలు కట్టాడు. ఇంకేం కావాలి? ఆ కెంటకీ కొండ సందుల్లో పాతకాలం బాంజోలన్నిటికీ పిల్లి తోలే కట్టేవాళ్ళు. ఆర్లిస్ కూడా ఇరవై ఏళ్ళ వయసులో ఒకసారి కట్టాడు. ఆ ఒక్కసారికి ఊరు అతన్ని ఇవాళ్టికీ వదల్లేదు. ఏ ఇంటి పిల్లి దారి తప్పినా అందరి కళ్ళూ ముందు అతని బాంజో మీదే పడతాయి. ఈసారి కట్టింది తన చిక్కుడు మడి కింద బొరియలు తవ్విన, పిల్లి అంత ఉండే గ్రౌండ్‌హాగ్ తోలు. చెబితే నమ్మేదెవరు? వెంట్రుకలు ఊడగొట్టాక ఏ తోలైనా ఒకలాగే ఉంటుంది.

ఊరు అనుకుంటే అనుకోనీ. వర్డీ కూడా అనుకోవడమే అతనికి మింగుడు పడలేదు. భర్త పోయాక పదకొండేళ్ళుగా ఆవిడ తన వరండాలో ఒక కుర్చీ ఎక్కువ వేసి ఉంచేది. ఆదివారం మధ్యాహ్నం అతను అందులో కూర్చుని వాయించేవాడు. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీసేది. ఆర్లిస్ కోసమని ఎవరైనా కుర్చీ వేసింది ఈ లోకంలో అక్కడొక్కచోటే. మొన్న ఆదివారం వెళితే ఆ కుర్చీ లేదు, తలుపు గడియ పెట్టి ఉంది. లోపల ఆవిడ నడుస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది.

మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకుని పలకల దొంతుల వెనక్కి వెళ్ళాడు. ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె. రొట్టె తుంచుతూ ఉంటే, జారిపడ్డ దుంగ కింద నుంచి పసుప్పచ్చ తోక కనిపించింది. దుంగను భుజంతో నెట్టాడు. సూకీయే. ఎలుకల కోసం వచ్చినట్టుంది. తల నలిగింది. చచ్చి ఎంతోసేపు కాలేదు.

పాపం అనుకున్నాడు. వెంటనే భయం వేసింది. ఎవరికీ చెప్పకుండా పూడ్చేస్తే వర్డీ రోజూ మెట్ల మీద నిలబడి దాన్ని పిలుస్తూనే ఉంటుంది. తీసుకెళితే చంపింది నువ్వేనంటారు. అప్పుడు గమనించాడు, తోలు ఒంటి మీదే ఉంది, గీత కూడా పడలేదు. అది చూసి తన గుండె తేలికపడినందుకు అతనికే సిగ్గేసింది. దాన్ని గోనె సంచిలో పెట్టి మూతి కట్టాడు.

సాయంత్రం దారిలో హోబర్ట్ దుకాణం ముందు నలుగురు కూర్చుని ఉన్నారు.

"ఏం బాబాయ్, సంచి బరువుగానే ఉన్నట్టుందే! ఈసారి ఎవరింటిది?" అన్నాడు హోబర్ట్.

ఆర్లిస్ ఆగలేదు.

"విప్పి చూపించవయ్యా, మేమూ ఆనందిస్తాం."

"నీకు చూపించేది కాదు."

"అదుగో! ఉందన్నమాట!" అందరూ నవ్వారు. తర్వాత హోబర్ట్ గొంతు తగ్గించాడు. "శనివారం నువ్వు రానక్కర్లేదులే బాబాయ్. మా బావమరిది గిటార్ తెస్తున్నాడు. నీ బాంజో మోగుతుంటే కాళ్ళాడటం లేదంటున్నారు ఆడవాళ్ళు."

ఒక్క ముడి విప్పితే అందరి నోళ్ళూ మూతపడేవి. కానీ వర్డీ చూడకముందే వీళ్ళు దాన్ని బూటు కొసతో పొర్లించి చూడటం అతనికి ఇష్టం లేకపోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ మాటలు పడ్డవాడికి ఇంకో అరమైలు ఎంతలే అనుకుంటూ నడిచాడు.

వర్డీ తలుపు సగమే తీసింది. "ఏంటది?"

"సూకీ. మిల్లు దగ్గర దుంగ పడింది దాని మీద."

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని సంచి విప్పింది. వీపు నిమిరింది, పొట్ట నిమిరింది, కాళ్ళ సందుల్లో వేళ్ళు పెట్టి చూసింది. కత్తి గాటు కోసం వెతుకుతోందని ఆర్లిస్‌కి అర్థమైంది.

"బాగా చూసుకో," అన్నాడు.

"నువ్వేననుకున్నా ఆర్లిస్. వారమంతా నువ్వేననుకున్నా."

"తెలుసు."

ఆవిడ పిల్లి చెవులు సర్దింది. "మరి అప్పట్లో కట్టావే, ఆ మొదటిది. అదెవరి పిల్లి?"

ఆ మాట అతన్ని ఎవరూ ఇంతవరకు అడగలేదు.

"నాదే. పద్నాలుగేళ్ళు నా మంచం మీదే పడుకుంది. ముసలిదై పోయింది. మట్టిలో పెట్టబుద్ధి కాలేదు."

"చెప్పొచ్చుగా మరి, ఆ మాట!"

"అడిగిందెవరు?"

వర్డీ అప్పుడు ఏడ్చింది. పిల్లి కోసమా, అతని కోసమా అని ఆర్లిస్ ఆలోచించలేదు. కళ్ళు తుడుచుకుని ఆవిడ అంది, "దీన్ని కూడా మట్టిలో పెట్టకు. బాంజోకి కట్టు."

"ఊళ్ళో ఏమంటారో తెలుసా?"

"కొత్తగా ఏమంటారు? అననీ."

ఆవిడ లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది. పొద్దు వాలేలోగా పెరట్లో పని ముగించి, ఆర్లిస్ తోలును వెంట్రుకలు ఊడేందుకు వరండా మూల రేకు తొట్టెలో బూడిద నీళ్ళలో నానేసి, పైన పలక మూసి చదును రాయి పెట్టాడు. "పది రోజులు కదపకు. ఆ తర్వాత నేను చూసుకుంటా," అన్నాడు, మెట్లు దిగుతూ దగ్గుతూ.

ఆరో రోజు ఉదయం అతను మిల్లుకు రాలేదు. మంచం అంచున ఒక బూటు తొడుక్కుని, అలాగే వెనక్కి వాలి ఉన్నాడు. ఛాతీ వల్లే అన్నాడు డాక్టరు. పలకలు అందుకోవడానికి ఆ పూటే ఇంకొకతను వచ్చాడు.

ఎనిమిదో రోజు శవపెట్టె మోసిన వాళ్ళలో హోబర్ట్ కూడా ఉన్నాడు. శ్మశానం నుంచి తిరిగొస్తూ, చేతిలో టోపీతో వర్డీ వరండా ఎక్కాడు. ముక్కు ఎగబీల్చాడు.

"ఆ తొట్టెలో ఏముంది పిన్నీ?"

"పిల్లి."

"పిల్లా! ఎవరిది?"

"నాదే," అంది వర్డీ.

హోబర్ట్ ఒక మెట్టు వెనక్కి దిగి ఆవిడ చేతుల వంక చూశాడు. ఇన్నాళ్ళూ ఆర్లిస్ వంక చూసిన చూపే అది. వర్డీ చేతులు దాచుకోలేదు. చూసినంతసేపు చూడనిచ్చింది.

అతను వెళ్ళాక తొట్టె వరండా మూలనే ఉంది. పలక మీద రాయి ఆర్లిస్ పెట్టినచోటే ఉంది, ఇంకా రెండు రోజులు దాన్ని కదపకూడదు.