ముడి వేయని రెక్క

శివరాత్రికి ముందురోజు పొద్దున ఇన్నయ్య ఒక సూది కోసం జైనాబ్ బీ ఇంటికి వెళ్లాడు. జానెడున్నర పొడుగున్న ఆ సూదిని రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసిన రోజులనుంచీ అతను దాచుకున్నాడు. విమానం రెక్కకు గుడ్డ కుట్టడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదది. కుట్టు పని అయిపోయి వారం దాటినా ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఇన్నయ్యకు నలభై ఏళ్లు. యుద్ధకాలమంతా వైమానిక దళంలో ఫిట్టరుగా చేసి, నరసరావుపేట తిరిగివచ్చి, వేరుశనగ నూనె మిల్లు యజమాని పెదకోటయ్య దగ్గర కుదిరాడు. పని మిల్లులో కాదు. యుద్ధపు సామాను వేలం వేసినప్పుడు పెదకోటయ్య మద్రాసులో ఒక టైగర్‌మాత్ విమానం కొన్నాడు. చెక్కతో, ఇనప గొట్టాలతో చేసి పైన గుడ్డ తొడిగిన చిన్న విమానం. కింద రెండు రెక్కలు, పైన రెండు రెక్కలు, ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు. మద్రాసులోనే నడపడం నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. విమానం బాగోగులు చూడటం, ఎగరడానికి పనికొస్తుందని పుస్తకంలో సంతకం చేయడం ఇన్నయ్య పని. ఆ సంతకం లేనిదే అది నేల వదలకూడదు.

కోటప్పకొండ రోడ్డు పక్కన పెదకోటయ్య చేలోనే విమానం ఉంచే పాకా, దాని ముందు చదును చేసిన నేలా ఉన్నాయి. నల్లరేగడి ఎండాకాలం రాయిలా గట్టిపడుతుంది, వాన పడితే చక్రాలు మింగేస్తుంది. తోక కింద ఉండే ఇనప కమ్మి ప్రతిసారీ నెర్రెల్లో చిక్కుకుని వంగిపోతుంటే ఇన్నయ్య దాన్ని తీసేసి, చిన్న చక్రం ఒకటి అమర్చాడు. ఇంజను విప్పి, కడిగి, మళ్లీ బిగించాడు. ఇదంతా రెండేళ్లపాటు ఇష్టంగానే చేశాడు. నాలుగు నెలల కిందట భార్య ప్రేమమ్మ కాన్పులో పోయింది. బిడ్డా దక్కలేదు. అప్పటినుంచి పొద్దున్నే పాకకు పోవడం, సాయంత్రం తిరిగి రావడం మాత్రం మానలేదు.

ప్రేమమ్మ పోవడానికి ఒక నెల ముందు పెదకోటయ్య కోటప్పకొండ మీదుగా వస్తుండగా ఇంజను ఆగిపోయింది. పెట్రోలులోకి నీళ్లు చేరాయని తర్వాత తేలింది. గాలిచప్పుడు తప్ప ఇంకేమీ వినపడని ఆ రెండు మూడు నిమిషాల్లో ఆయన కొండమీది కోటేశ్వరుడికి మొక్కుకున్నాడు. ప్రాణాలతో దిగితే వచ్చే శివరాత్రికి ఇదే విమానంలోంచి కొండమీద పూలు చల్లుతానని. ఎండు జొన్నకొయ్యల్లో దిగాడు, గీత కూడా పడలేదు. ఈ సంగతి చుట్టుపక్కల నాదెండ్ల దాకా తెలుసు. కలెక్టరు ఆఫీసునుంచి అనుమతి కూడా తెచ్చుకున్నాడు.

ఆ శివరాత్రి ఇరవై రోజులుందనగా ఒక గేదె పాకలోకి దూరి ఎడమవైపు కింది రెక్కను నమిలింది. గుడ్డ బిగుసుకోవడానికి పూసే డోపు అనే మందు మాగిన అరటిపండు వాసన వేస్తుంది. పశువులు దానికోసం ఎగబడతాయి. గుడ్డంతా తీసి కొత్తది తొడగాల్సి వచ్చింది. రెక్కలోపల పక్కటెముకల్లా చెక్కబద్దలుంటాయి, ఆ రెక్కలో పద్నాలుగు. గుడ్డను ఒక్కొక్క బద్దకూ చుట్టి కుట్టాలి. మైనం రాసిన దారం, మూడు వేళ్లకొక కుట్టు, ప్రతి కుట్టుకూ విడిగా ఒక ముడి. బొంతలు కుట్టడంలో జైనాబ్ బీని మించినవాళ్లు పేటలో లేరు. ఇన్నయ్య ఆమెకు ఒక పాత బద్దమీద చూపించాడు. ఆమె వెంటనే పట్టుకుంది.

తనే ఎదురుగా కూర్చుని కుట్టించాల్సింది. కాని కుట్టు సాగిన మూడు రోజులూ బెల్లంకొండ పక్కన ప్రేమమ్మ పుట్టినూరికి వెళ్లాడు, సమాధి కట్టించడానికి. తిరిగి వచ్చేసరికి జైనాబ్ బీ, ఆమె ఆడపడుచు జాన్‌బీ కలిసి రెక్క మొత్తం కుట్టేశారు. అలసి వస్తాడని, అతను నేర్పినట్టే కుట్టు వరసలమీద గుడ్డపట్టీలు కూడా అంటించి ఉంచారు. సంతకానికి ముందు పట్టీ లేపి కుట్టు చూడాల్సింది. అతను లేపలేదు, అరచేత్తో రెక్కంతా తడిమాడు. ఎంత నున్నగా ఉందక్కా అన్నాడు. డోపు పూశాడు, ఆరబెట్టాడు, రెక్క బిగించాడు, సంతకం చేశాడు.

ఇప్పుడు సూది కోసం వస్తే జైనాబ్ బీ మేక వీధి మధ్యలో నిలబడి ఎవరిదో చిక్కుడుపాదు తింటోంది. దాన్ని తోలుకుని గడపదాకా వచ్చాడు. లోపల ఆమె కూతురు ఖాతూన్ బీ నిండు కడుపుతో గోడకానుకుని కూర్చుంది. జుట్టు విరబోసుకుని ఉంది.

"మేకని కట్టెయ్యకపోయినావా అక్కా, ఊరంతా తిరుగుతా ఉంది," అన్నాడు.

"ఎట్టా కడతానయ్యా? పిల్లకి నెలలు నిండె. పున్నమి కాడినుంచి ఈ ఇంట్లో ఎవురం ముడి వెయ్యలా. జడ వెయ్యలా, మంచానికి నులక బిగించలా. ముడి పడితే కాన్పు బిగుసుద్ది."

ఇన్నయ్య వేళ్లమీద రోజులు లెక్కపెట్టాడు. రెక్క కుట్టింది పున్నమి తర్వాతే.

"మరి నా రెక్క?"

"దానికీ వెయ్యలా. నువ్వు ముడి చూపించిన కాడల్లా దారం రెండుసార్లు ఎనక్కి తిప్పి లాగినా. చానా గట్టిగా వచ్చింది. నున్నగా ఉందని నువ్వే అంటివి గదా."

అతని ముఖం చూసి ఆమె లేచి, అతన్ని చూరు కిందికి తీసుకువెళ్లి గొంతు తగ్గించింది.

"ప్రేమమ్మ నొప్పులు పడతా ఉంటే నేను ఆడనే ఉండా. దూలానికి ఉయ్యాల తాడు ముడేసి ఉంది. ముందే కట్టుకుంది పిచ్చిది. దాన్ని ఇప్పాలని నాకు తోచలేదు తమ్ముడూ. నా కూతురి కాడ మళ్లీ ఆ తప్పు చెయ్యను."

ఆ తాడు తనే కట్టాడని ఇన్నయ్య చెప్పలేదు. సూది తీసుకుని వచ్చేశాడు.

మిల్లు వసారాలో బంతిపూలు గోతాలనిండా దించుతున్నారు. పెదకోటయ్య బావమరిది కొండలు లెక్కచూస్తున్నాడు. రేపు ముందు సీట్లో కూర్చుని పూలు చల్లేది అతనే. ఇన్నయ్య నేరుగా యజమాని దగ్గరకు పోయి, రేపు విమానం ఎగరకూడదని చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు. జైనాబ్ బీ ముడులు ఎందుకు వేయలేదన్నది మాత్రం చెప్పలేదు.

పెదకోటయ్య మొదట నమ్మలేదు. నమ్మాక ముఖం ఎర్రబడింది. దారం గట్టిదే గదా అన్నాడు. పావుగంట పనికి అంత భయమేమిటన్నాడు. ఇన్నయ్య పక్కనే ఉన్న కాయల గోతం ఒకటి దగ్గరకు లాగి, మూతి కుట్టులో ఒక కొసను తెంపి లాగాడు. కుట్టంతా సర్రున ఊడి గోతం నోరు తెరుచుకుంది. వేరుశనగకాయలు నేలమీద పడ్డాయి.

"ముడి ఉంటే తెగిన కాడికే ఆగుద్ది. లేకపోతే ఇంతే. పైన గాలి లాగుద్ది, మనిషి లాగినట్టు ఉండదు," అన్నాడు.

"సంతకం చేసిందెవురయ్యా మేస్త్రీ? గోతానికి కూడా సంతకం చేసేట్టున్నావే," అన్నాడు కొండలు.

పనివాళ్లెవరో నవ్వారు. పెదకోటయ్య నవ్వలేదు. సంతకం పుస్తకంలో ఉంది, రేపు పది గంటలకు బయలుదేరతాను, నువ్వు ఇంటికి పోయి పడుకో అన్నాడు. పోయినసారి ఇంజను ఆగినా దింపిన దేవుడు ఈసారి దింపడా అని కూడా అన్నాడు.

ఇన్నయ్య ఇంటికి పోలేదు. పాకకు పోయి, గడ్డం గీసుకునే బ్లేడు ఒకటి తీసి, రెక్కమీది పట్టీలన్నీ వరసగా చీరేశాడు. పనిలో కోపమేమీ లేదు, తొందరా లేదు. పద్నాలుగో పట్టీ చీరాక పీటమీద కూర్చున్నాడు.

సాయంత్రం పెదకోటయ్య వచ్చేసరికి పట్టీలు అరటి తొక్కల్లా వేలాడుతున్నాయి. ఆయన చాలాసేపు చూశాడు. వంగి ఒక దారం కొసను గోటితో లేపి లాగాడు. అది ఆయన వేళ్లవెంట బద్ద చివరిదాకా ఊడి వచ్చింది. దాన్ని చేతికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"రేపు ఎగిరేది పోయింది. ఎల్లుండి పొద్దునదాకా ప్రభలు కొండకిందే ఉంటయ్యి. రేపంతా నీకిస్తా. చీకటి పడేలోపల అయిద్దా?" అన్నాడు.

మనిషి తోడుంటే అవుతుందన్నాడు ఇన్నయ్య. డోపు ఒక చిన్న డబ్బా మిగిలింది, పట్టీలవరకు చాలు.

"జైనాబ్ బీని పిలిపిస్తా."

"ఆమెని పిలవొద్దు. ముడులు నేనే ఏసుకుంటా."

ఎందుకని పెదకోటయ్య అడిగాడు. ఇన్నయ్య వేలాడే పట్టీలు ఏరడం మొదలుపెట్టాడు. కొండలును పంపుతానని, ఈసారి తప్పితే ఇంక తన దగ్గర పని ఉండదని చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

శివరాత్రినాడు తెల్లవారకముందే రెక్కను ఊడదీసి రెండు బల్లల మధ్య నిలువుగా నిలబెట్టారు. ఈవైపు ఇన్నయ్య, ఆవైపు కొండలు. ఇన్నయ్య సూది దూరుస్తాడు, కొండలు లాగి బద్దకు అవతలి పక్కనుంచి తిరిగి పంపుతాడు, ఇన్నయ్య ముడి వేసి బిగిస్తాడు. రోడ్డుమీద రంగుకాగితాలు అంటించిన ఎత్తైన ప్రభలు బండ్లమీద కొండకు పోతూనే ఉన్నాయి. ఎడ్ల మెడల్లో గంటలు, డప్పులు, అరుపులు. అక్కడ ఉండాల్సినవాణ్ణి ఇక్కడ గుడ్డ వెనక కూర్చోబెట్టారని కొండలు సణుగుతూనే ఉన్నాడు. ఉపవాసం ఉండి సూదులు దూర్చినవాణ్ణి కోటయ్యస్వామి ఏ లెక్కన రాసుకుంటాడో అన్నాడు. ఇన్నయ్య ముడులు వేస్తూనే ఉన్నాడు. నడుము నొప్పి పుట్టింది, వేళ్లు మైనంతో, దారంతో కోసుకుపోయాయి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఎనిమిది బద్దలయ్యాయి. ఈ లెక్కన పొద్దుగూకకముందే అయిపోతుంది.

తొమ్మిదోది మొదలుపెట్టబోతుండగా జాన్‌బీ రోడ్డు దిగి చేలకు అడ్డంపడి పోతూ కనిపించింది. మంత్రసాని కోసం పోతున్నానంది. ఖాతూన్‌కు ఇందాకే నొప్పులు మొదలయ్యాయట. నిలబడకుండానే చెప్పి వెళ్లిపోయింది.

సూది అవతలినుంచి తిరిగి వచ్చింది. ఇన్నయ్య దారం లాగి, కొస చేతిలో పట్టుకుని ఉండిపోయాడు.

ఇంజను ఆగితే దానికొక కారణం ఉంటుందని, వెతికితే దొరుకుతుందని అతను ఇరవై ఏళ్లుగా నమ్మినవాడు. ప్రేమమ్మకు రక్తం ఆగకపోవడానికీ ఒక కారణం ఉంది, తర్వాత డాక్టరు చెప్పాడు. తాడుకూ దానికీ సంబంధం లేదు. ఇదంతా తెలిసీ అతను ఆ ముడి వేయలేకపోయాడు. సూదిని గుడ్డకు గుచ్చి దారం వదిలేశాడు.

"ఏంది, ఆపావు?" అన్నాడు కొండలు.

"కాసేపు ఆగుదాం."

కాసేపు గడిచింది, గంట గడిచింది. కొండలు మొదట నిద్రొస్తోందేమోనన్నాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత తిట్టాడు. ఉద్యోగం ఊడితే కూడు ఎవరు పెడతారన్నాడు. చివరికి ముడి నేనే వేస్తానని ఇటుపక్కకు వచ్చి దారం పట్టుకోబోతే ఇన్నయ్య అతని మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా ఏమీ కాదు. కాని కొండలు చెయ్యి వెనక్కి తీసుకుని, సైకిలెక్కి మిల్లువైపు వెళ్లాడు.

పెదకోటయ్య ఎండ చల్లబడ్డాక వచ్చాడు. పొద్దుటినుంచి ఉపవాసం, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. రెక్క వైపు చూశాడు.

"ఎన్ని మిగిలినయ్యి?"

"ఆరు."

"మధ్యాన్నం నుంచి ఏం చేస్తా ఉండావయ్యా?"

"కూర్చున్నా."

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది." గుడ్డకు గుచ్చిన సూదివైపు చూస్తూ, "జైనాబక్క కూతురు నొప్పులు పడతా ఉంది. ఆ ఇంట్లో ముడి వెయ్యట్లేదు. ఆమె పనే గదా ఇది, ఆమె చేతి దారమే. నేను ఎయ్యలేకపోయినా," అన్నాడు.

ప్రేమమ్మ నొప్పులు పడిన రోజు డాక్టరు కోసం బండి పంపింది పెదకోటయ్యే. అది ఖాళీగా తిరిగి రావడమూ చూశాడు. పాక గుంజకు ఆనుకుని నిలబడి రోడ్డువైపు చూశాడు. ప్రభలన్నీ వెళ్లిపోయాయి. ఎడ్లబండ్లమీద ఆడవాళ్లు, పిల్లలు పోతున్నారు.

"అయితే రేప్పొద్దున లేదన్నమాట," అన్నాడు.

"లేదయ్యగారూ."

"పూలు బండ్లమీద పంపిస్తా. మెట్ల మీదనుంచి మోసుకుపోతారు." తర్వాత తనలో తను అనుకున్నట్టు, "ఇమానంలోంచే చల్లుతానని మొక్కా," అన్నాడు.

పొద్దు కొండవైపు దిగుతుండగా జాన్‌బీ వచ్చింది. ఈసారి నడిచే వచ్చింది. ఆడపిల్ల అంది. తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారంది. పిల్ల ఏడుపు వీధి చివరిదాకా వినపడిందట. జైనాబ్ బీ ఇంట్లో అందరికీ చెప్పకముందే ఇక్కడికి పంపిందట. ఇన్నయ్య తల ఊపాడు. మంచిదన్నాడు. ఆమె వెళ్లాక కాసేపు చేతుల్లో ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి సూది అందుకున్నాడు. వెలుతురు ఒక్క బద్దకు సరిపోయేంత ఉంది. మిగతావి రేపో ఎల్లుండో చూసుకోవచ్చు, ఇప్పుడు తొందరపెట్టేదేమీ లేదు.

సూది దూర్చి, అవతలికి పోయి లాగడానికి లేవబోతుంటే పెదకోటయ్య కండువా నడుముకు చుట్టుకుని రెక్క ఆవైపుకు నడిచాడు. కొండలు కూర్చున్న పీటమీద కూర్చున్నాడు.

"ఏ పక్కనుంచి పంపాలి?" అన్నాడు గుడ్డ వెనకనుంచి.

ఇన్నయ్య చెప్పాడు. సూది రెండుసార్లు బద్దకే గుచ్చుకుంది. మూడోసారి ఇటు వచ్చింది.